పెంటమ్మ అనే పరి

కథల్లో రెక్కలతో ఎగిరే పరుల పేర్లు ఎలా ఉండాలో ప్రతి పిల్లకూ తెలుసు. వెన్నెలో, ముత్యమో, పువ్వో, బంగారమో ఏదో ఒకటి ఆ పేరులో ఉండాలి. మా అవ్వ చెప్పిన పరి పేరు మాత్రం పెంటమ్మ. అవ్వ అంటే మా నాన్నని కన్నతల్లి. పరి అనేది బొంబాయి కామాటిపురలో పుట్టిన మాలాంటి తెలుగు పిల్లలు మరాఠీలోంచి తెచ్చుకున్న మాట. దేవకన్య అంటే మాకు తెలిసేది కాదు. పెంట అంటే మాత్రం తెలుసు. పశువుల పేడ, ఇల్లు ఊడ్చిన చెత్త, పొయ్యిలో బూడిద అన్నీ కలిపి ఇంటి వెనక పోసే కుప్ప. ఆ కుప్పకు అమ్మ అని చేర్చి, ఇదే పరి పొమ్మంది మా అవ్వ.

ఆ పేరు ఎక్కడ పుట్టింది, దానికి అసలు అర్థమేమిటి అని నేను చిన్నప్పటి నుంచి రకరకాలుగా ఊహిస్తూ వచ్చాను. ఆ ఊహలన్నీ చెబుతాను. కానీ ముందే ఒక సంగతి చెప్పేయాలి, లేకపోతే ఇదంతా ముచ్చటపడి రాసుకున్న చిన్ననాటి కబుర్లలా తయారవుతుంది. పోయిన ఏడాది మా మేనత్తకు ఉన్న ఒకే ఒక్క గది దక్కకుండా పోయేలా అయింది. ఆమె పుట్టింది ఆ గదిలోనే. అది పోయేలా చేసింది నేను. ముప్ఫై ఏళ్ళ కిందట ఆ పేరుతో నేను చేసిన ఒక పని వల్ల.

మా చాల్ అద్దె గదుల మేడ. అంతస్తుకు పదహారు గదులు, పొడుగునా ఒకటే గ్యాలరీ, చివర ఒక కొళాయి. నీళ్ళు సాయంత్రం వచ్చేవి. ఎప్పుడొస్తాయో చెప్పలేం కాబట్టి ఆడవాళ్ళు బకెట్లు వరుసలో పెట్టి పనుల్లో పడేవాళ్ళు. వరుస తప్పకుండా కాపలా కాయడం మా అవ్వ పని. ఇటుకలు మోసి మోసి ఆమె మోకాళ్ళు అప్పటికే అరిగిపోయాయి, ఇక చేయగలిగిన ఉద్యోగం అదొక్కటే. ఒక బకెట్ బోర్లించి దాని మీద కూర్చునేది. మేమంతా చుట్టూ చేరేవాళ్ళం. నీళ్ళు వచ్చేదాకా కథ. నీళ్ళు వస్తే కథ ఎక్కడుంటే అక్కడే ఆగేది.

అవ్వ కథలో ఇంద్రలోకంలో ఏడుగురు పరులు. "ఆరుగురు పట్టుచీరలు గట్టుకోని, పూలు వెట్టుకోని మెరుస్త ఉంటరు. ఏడోది మన పెంటమ్మ. దానికి రెక్కల్లేవు, ఏం లేవు. నడ్సుకుంటనే వస్తది. చేతుల చీపురు. అదే దాని మంత్రపు కట్టె" అనేది.

మిగతా పరులు తాకితే ఏదైనా అందంగా మారిపోతుంది. పెంటమ్మ తాకితే వికారంగా మారుతుంది. అదే ఆమె విద్య. యముడి మనుషులు కింద గల్లీలో తిరుగుతూ, సంతలో మామిడిపండ్లు ఏరుకున్నట్టు, ముద్దొచ్చే పిల్లలని ఏరుకుంటారట. వాళ్ళకంటే ముందే పెంటమ్మ ఆ ఇంటికి చేరుతుంది. పిల్ల చెంపలకు మసి పూస్తుంది, తల చింపిరి చేస్తుంది, కాళ్ళ పట్టీలు విప్పేసి పిల్లని తీసుకెళ్ళి చెత్తకుప్ప మీద పడుకోబెడుతుంది. యముడి మనుషులు వచ్చి చూసి ముక్కు మూసుకుంటారు. ఇక్కడ అవ్వ గొంతు మార్చి, కొంగుతో ముక్కు మూసుకుని, "థూ, ఇదేం పిల్లరా! దీన్ని దీస్కపోతే సాబ్ మనల్ని ఇడుస్తడా? పదండి, పదండి" అనేది. మేం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం. వాళ్ళు పోయాక పెంటమ్మ పిల్లకు నీళ్ళు పోసి తల్లికి ఇచ్చేస్తుంది. తల్లి ఆమెకు చారెడు జొన్నలు పెట్టాలి. అంతే, కథ అయిపోయింది.

ఆ పేరు సంగతి మా అమ్మని అడిగితే, "మీ అవ్వకు పేర్లు కరువు" అని తేల్చేసింది. మా గల్లీ మొదట్లో మున్సిపాలిటీ చెత్తపెట్టె ఉండేది. పరి ఇల్లు అదేనని, ఆ ఇంటి పేరే ఆమెకు వచ్చిందని నేను నమ్మాను. బడికి పోతూ రోజూ ఒకసారి తొంగి చూసేదాన్ని, ఈగలు తప్ప ఏమీ కనిపించేవి కావు. నాలుగో తరగతి దాకా నేను చదివింది మున్సిపాలిటీ తెలుగు బడిలో. అక్కడి పంతులమ్మ, "పాలమూరు వైపు ఏదో ఊరిదేవత అయి ఉంటుంది, ఇక్కడికొచ్చాక గుడి మరిచిపోయి కథ మాత్రం మిగుల్చుకున్నారు" అంది. ఆ మాట నాకు బాగా నచ్చింది. దేవత అంటే కాస్త మర్యాదగా ఉంటుంది కదా.

అసలు పెంటమ్మ మా ఇంట్లోనే ఉందని నాకు ఆరేళ్ళకే తెలిసింది, కాకపోతే తెలియాల్సిన విధంగా తెలియలేదు.

మా మేనత్త అప్పటికి పాతికేళ్ళ మనిషి. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు ఇంకొకరిని తెచ్చుకుంటే తిరిగొచ్చేసి, అవ్వతో కలిసి మా పక్క గదిలో ఉండేది. కట్టడాల దగ్గర బిగారి పని, అంటే ఇసుకా ఇటుకా మోసే పని. ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అవ్వకు బిడ్డ, నాన్నకు అక్క, అమ్మకు వదిన, మాకు అత్త. ఒకరోజు బడికి సెలవు, అమ్మ ఏదో పని మీద ధారావిలో వాళ్ళ చెల్లెలింటికి పోయింది. నన్ను చూసుకునేవాళ్ళు లేక అత్త తనతోపాటు నాకాకు తీసుకెళ్ళింది. నాగ్‌పాడా వైపు రోడ్డు మలుపులో పొద్దున్నే కూలీలు వచ్చి నిలబడే చోటది. కూలీలను కుదిర్చే ముకద్దం వచ్చి ఎంతమంది కావాలో చెప్పి, తెలిసినవాళ్ళని పేరు పెట్టి పిలుస్తాడు. ఆ రోజు అతను అందరి తలల మీదుగా మా వైపు చూసి అరిచాడు.

"ఓ పెంటమ్మా! ఇద్దరు బిగారీలు గావాలె. వస్తవా?"

అత్త "ఓ" అని చెయ్యెత్తింది.

ఆమె కొంగు పట్టి లాగి అడిగాను. "అత్తా, నువ్వే పరివా?"

అత్త ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, పెద్దగా నవ్వింది. "అవ్ బిడ్డా. ఎవరికి జెప్పకు. చీపురు ఇంట్ల వెట్టొచ్చిన."

చెప్పకుండా ఎలా ఉంటాను? సాయంత్రానికల్లా గ్యాలరీలో పదహారు గదులకూ చెప్పేశాను. మా అత్త పరి. యముడి మనుషులు కూడా మా అత్తను చూస్తే పారిపోతారు. ఆ తర్వాత చాలా రోజులు నా నడక చూడాలి మీరు. అంత గర్వం నాకు మళ్ళీ దేనికీ రాలేదు.

అయిదో తరగతికి తెలుగు లేదు, మరాఠీ బడిలో వేశారు. కొత్త బడిలో మా టీచరు బాయి ఒకరోజు ఇంట్లో విన్న పరి కథ ఒకటి చెప్పమంది. నాకంటే మంచి కథ ఎవరి దగ్గరుంటుంది అనుకుని అందరికంటే ముందు లేచాను. వచ్చీరాని మరాఠీలో పెంటమ్మ కథంతా చెప్పాను, మా అత్తే ఆ పరి అని కూడా చెప్పాను. ముందు బెంచీ పిల్ల ఒకతి పెంటమ్మ అంటే ఏమిటని అడిగింది. నేను ఆలోచించి, నిజాయతీగా, మరాఠీలో చెత్తకుప్పను ఏమంటారో ఆ మాట చెప్పాను. ఉకిరడా.

తరగతి అంతా పగలబడి నవ్వింది. బాయి కూడా నవ్వింది, ఆమె నోటికి చేయి అడ్డం పెట్టుకుంది కానీ భుజాలు ఊగడం నాకు కనిపించింది. ఆ రోజు నుంచి పదో తరగతి దాకా నా పేరు ఉకిరడ్యాచీ పరీ. చెత్తకుప్ప పరి. గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర, నలుగురు వింటూ ఉండగా, ఒకసారి అలాగే పిలిచారు. తల కొట్టేసినట్టయింది.

పిల్లలు పిల్లలే, వాళ్ళని నేనేమీ అనను. అయిదేళ్ళు ఏడిపించారు, తర్వాత మరిచిపోయారు. మరిచిపోనిది నేను. బకెట్ల వరుస దగ్గరికి పోవడం మానేశాను. అత్త నాకాకు వెళ్ళే దారిలో ఎదురైతే, పక్కన స్నేహితురాళ్ళు ఉంటే, చెప్పుల దుకాణంలో ఏదో చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడేదాన్ని. అత్త కూడా ఏమీ ఎరగనట్టు దాటిపోయేది. ఆమెకు తెలుసని నాకు తెలుసు. ఇది రాస్తుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతోంది.

పన్నెండో తరగతి దాటి కాలేజీకి వచ్చేసరికి మా చాల్ మొత్తానికి దరఖాస్తులు నింపేది నేనే. మా వాళ్ళలో చాలామందికి మరాఠీ మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. గ్యాలరీలో చాప వేసుకుని, ఒళ్ళో తమ్ముడి పాత పలక పెట్టుకుని, దాని మీద కాగితం పెట్టి రాసేదాన్ని. నాకంటే నలభై ఏళ్ళు పెద్దవాళ్ళు నా ముందు గొంతుక్కూర్చుని, "రాయమ్మా, జర మంచిగ రాయి" అని బతిమాలేవాళ్ళు. పేరేంటి, వయసెంత, ఎక్కడ పుట్టావ్ అని పెద్ద ఆఫీసర్‌లా గద్దించేదాన్ని. అబద్ధమెందుకు, ఆ పెత్తనం నాకు చాలా ఇష్టంగా ఉండేది.

కొత్త రేషన్ కార్డుల దరఖాస్తులు వచ్చినప్పుడు అత్త కూడా వచ్చి కూర్చుంది. అవ్వ నడవలేదు కాబట్టి కార్డు అత్త పేరు మీద తీసుకోవాలనుకున్నారు.

"పేరు?" అన్నాను, అలవాటుగా.

"నీకు తెల్వదా?" అని నవ్వి, "పెంటమ్మ. రాయ్ బిడ్డా" అంది.

ఆ ఆఫీసులో కార్డులిచ్చేటప్పుడు పేర్లు పైకి చదువుతారు. వరుసలో సగంమంది మా గల్లీవాళ్ళు, మిగతా సగం నాతో చదివినవాళ్ళ అమ్మానాన్నలు. ఆ నవ్వు మళ్ళీ నా చెవుల్లో వినిపించింది. నేను ఇంకో పేరు రాశాను. అడగలేదు, చెప్పలేదు. ఆ పేరేమిటో ఇక్కడ రాయను. వినడానికి చక్కగా ఉంటుంది, ఏ పరికైనా పెట్టొచ్చు. కింద వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపించాను. అత్త బొటనవేలికి సిరా రాసుకుని, గట్టిగా నొక్కి, "పడ్డదా?" అని అడిగింది. పడిందన్నాను.

రెండు నెలలకు కార్డులు వచ్చాయి. అత్త పని మానుకుని పొద్దున్నే వెళ్ళి వరుసలో కూర్చుంది. మధ్యాహ్నం దాటాక ఉత్త చేతులతో తిరిగొచ్చింది. మొహం ఎండకు కమిలిపోయి ఉంది.

"అందరి పేర్లు పిలిచిన్రు బిడ్డా. నాదే పిలువలే. నువ్వు సరిగనే రాసినవ్ గద?"

అప్పుడు చెప్పక తప్పలేదు. నేల చూస్తూ చెప్పాను. మంచి పేరు పెట్టానని, ఇలాంటి పేర్లు ఈ రోజుల్లో ఎవరూ పెట్టుకోవడం లేదని, ఇంకా ఏవేవో గొణిగాను. అవ్వ గుమ్మం దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆమె చేయి ఆగింది. అత్త కోప్పడుతుందేమో అనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది.

"గా పేరు మళ్ళ జెప్పు" అంది.

చెప్పాను. అత్త రెండుసార్లు లోపల అనుకుంది. మూడోసారి పైకి అంది, ఒక అక్షరం దగ్గర నాలుక తడబడింది. ఉల్లిపాయలు తరుగుతూ అదే పేరు, చీర మడతపెడుతూ అదే పేరు. తర్వాత నన్ను గ్యాలరీ ఆ చివరకు పోయి నిలబడమంది.

"ఆడికెంచి పిలువు బిడ్డా. పలుకుతనో లేదో సూస్త. రేపు గూడ పలుకకపోతే ఇంకో రోజు పని పోతది."

నేను ఆ చివర నుంచి ఆ చక్కటి పేరు పెట్టి అరిచాను. అత్త వంగి కుండ తోముతోంది, పలకలేదు. మళ్ళీ అరిచాను. అప్పుడు ఉలిక్కిపడి "ఓ" అని చెయ్యెత్తింది, నాకాలో ఎత్తినట్టే. పక్క గదులవాళ్ళు బయటికొచ్చి చూశారు. నాకు నవ్వొచ్చింది. నేను నవ్వాను. అత్త కూడా నాతోపాటు నవ్వింది. ఆ మధ్యాహ్నం మేం పదిసార్లయినా ఆ ఆట ఆడి ఉంటాం.

ఆ సాయంత్రం నీళ్ళ కోసం బకెట్లు పెట్టాక అవ్వ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత నేను ఆ వరుస దగ్గర కూర్చున్నాను. నేను అడగకుండానే ఆమె చెప్పడం మొదలుపెట్టింది. అత్తకు ముందు ఆమెకు ముగ్గురు పిల్లలు పుట్టి పోయారట. ఇద్దరు పురిట్లోనే, ఒకడు ఏడాది నిండాక. అలా పిల్లలు దక్కనప్పుడు ఊళ్ళో చేసే పని ఒకటుంది. పుట్టిన బిడ్డను తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పడేస్తారు. వేరే ఆమె ఎవరో దొరికినట్టు ఎత్తుకొస్తుంది. ఆమె దగ్గర నుంచి గింజలిచ్చి కొనుక్కుంటారు. అప్పుడా బిడ్డ ఆ తల్లి బిడ్డ కాదు, కుప్ప మీద దొరికిన బిడ్డ. ఆశపడి తీసుకుపోవడానికి అందులో ఏమీ లేదు. అందుకే ఆ పేరు.

"మీ అత్త ఈడ బుట్టింది. ఊర్ల అయితె ఇంటెనకనే పెంటకుప్ప ఉంటది. ఈ బొంబైల యాడ తేవాలె? గల్లీ మొగన మున్సిపాల్టోల్ల కచరా ఉంటుండె. ఇసుక మోసే గమేలాల బట్టేసి, పిల్లను పండవెట్టి, ఆ కచరా మీద వెట్టిన. ఊడ్సే బాయికి ముందుగాల్నే జెప్పిన. ఆమెకు తెలుగు రాదు, నాకు మరాఠీ రాదు. సైగలు జేసిన."

ఆ బాయి చీపురు పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, పిల్లని ఎత్తుకుందట. వెంటనే ఇవ్వలేదట. కాసేపు ఎత్తుకుని ఊపి, తర్వాత ఇస్తూ ఏదో అందట. ఆ మాట అర్థం కాకపోయినా అవ్వకు గుర్తుండిపోయింది. అర్థం మరాఠీ వచ్చాక తెలిసింది. ఇది నా పిల్ల, నువ్వు జాగ్రత్తగా సాకు అని. అవ్వ ఆమెకు కొంగులో కట్టుకెళ్ళిన జొన్నలు ఇచ్చింది.

"మరి కథ?" అన్నాను. "కథ ముందా, అత్త ముందా?"

"అత్తనే ముందు. గల్లీల పోరగాండ్లు పెంట పెంట అని ఎక్కిరిస్తుండ్రి. రోజు ఏడ్సుకుంట వస్తుండె. ఏం జెయ్యాలె? పేరు మారుద్దామంటె పాణం మీదికొస్తదని భయం. మారువక ఉంటె పోరి ఏడుపు సూడలేకపోతి. అందుకే పేరు అట్లనే ఉంచి, పరిని జేసిన."

నన్ను తిట్టలేదు, మార్చమని అడగలేదు. నాలుగు రోజుల తర్వాత చిన్నపిల్లలకు అదే కథ చెబుతుంటే గదిలోంచి విన్నాను. ఏడో పరి పేరేంటవ్వా అని ఓ పిల్ల అడిగింది. "యాదికి లేదు బిడ్డా" అంది అవ్వ.

కార్డు మీద పేరు సరిచేయిస్తానని నేను అత్తకు మాటిచ్చాను. దానికి ఇంకో దరఖాస్తు కావాలి. పరీక్షలయ్యాక అనుకున్నాను. తర్వాత నౌకరీ వెతుకులాట, తర్వాత పెళ్ళి, శివార్లలో కాపురం. ఆ కార్డు చూసి ఓటరు కార్డు ఇచ్చారు, ఓటరు కార్డు చూసి ఆధార్ ఇచ్చారు. ప్రతిసారీ కౌంటర్ దగ్గర అత్త పక్కన నేనే ఉన్నాను. ప్రతిసారీ ఇప్పుడైనా చెప్పొచ్చు అనుకున్నాను. ప్రతిసారీ వెనక పెద్ద వరుస ఉందని సాకు చెప్పుకున్నాను. చివరికి ఒక ఆఫీసులో గుమాస్తా అయ్యాను. రెండు కాగితాల మీద పేర్లు కలవకపోతే వెనక్కి పంపడం నా పని. ఎంతమందిని పంపానో!

అవ్వ మాత్రం తాను చేయాల్సింది చేసి పోయింది. పోయే ముందు ఏడాది, చాల్ మేనేజరును గదికి పిలిపించుకుని, గది కిరాయి పావతి, అంటే అద్దె రశీదు, కూతురి పేరు మీద రాయించింది. పేరు తానే చెప్పింది. పెంటమ్మ.

పోయిన ఏడాది మా గల్లీ చాల్‌లన్నీ పడగొట్టి కొత్తవి కట్టడానికి సర్వే వాళ్ళు వచ్చారు. పావతీ ఆధారూ రెండూ ఒకే పేరుతో ఉన్నవాళ్ళకే కొత్త ఇల్లు. అత్త డబ్బాలోంచి పావతి తీసి ఇచ్చింది, ఆధార్ ఇచ్చింది. సర్వే అతను రెండూ పక్కపక్కన పెట్టి చూసి, ఈ పెంటమ్మ ఎవరు, ఎక్కడుంది అని హిందీలో అడిగాడు. నేనే అంది అత్త. మరి ఈమె ఎవరు అని ఆధార్ చూపించాడు. అది కూడా నేనే అంది. అతను నవ్వి, లిస్టులో ఏదో రాసుకుపోయాడు. వారం తర్వాత మెట్ల దగ్గర అతికించిన జాబితాలో అత్త గదికి ఎదురుగా, కిరాయిదారు లేరు అని ఉంది. గడువులోగా రుజువు చూపకపోతే గది లెక్కలోకి రాదు.

నాకు ఫోన్ చేసింది పక్కింటామె. నేను ఆఫీసుకు సెలవు పెట్టి పరుగెత్తాను. అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. అరవై ఏడేళ్ళ మనిషి, బిగారి పని మానేశాక రెండిళ్ళలో వంట చేసుకుంటూ ఎవరి ముందూ చేయి చాచకుండా బతుకుతోంది. ఆ గది పోతే పోవడానికి చోటు లేదు. మా ఇంటికి రమ్మంటే రాదు, ఎందుకు రాదో నాకు తెలుసు. నన్ను చూడగానే, "గది సంగతి సూద్దాం గని, దీంతోని నీ నౌకరికేం గాదు గద?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. తప్పంతా నాదని, ఎక్కడ చెప్పమంటే అక్కడ చెబుతానని అన్నాను. "ఊకో" అంది.

తిరగాల్సిన చోట్లన్నీ తిరిగాక తేలింది ఒకటే దారి. రెండు పేర్లూ ఒకే మనిషివని అత్త ప్రమాణం చేసి అఫిడవిట్ రాయించుకోవాలి. కోర్టు బయట టార్పాలిన్ కింద బల్ల వేసుకున్న ఒక వకీలు దగ్గరికి తీసుకెళ్ళాను. పక్కనే టైపు చేసే అమ్మాయి. వకీలు పెద్దాయన, ఓపికగానే విన్నాడు. పేరు ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అన్నది ఇందులో తప్పకుండా రాయాలి అన్నాడు.

నేను చెబుదామనే వచ్చాను. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. కానీ నాకంటే ముందే ఆయన ఇంకో మాట అన్నాడు. దరఖాస్తు నింపినవాళ్ళు ఈమెకు చెప్పకుండా మార్చి ఉంటే అది తప్పుడు సమాచారం కింద వస్తుంది, వాళ్ళ పేరు, ఉద్యోగం, చిరునామా అన్నీ రాయాలి, రేపు ఏదైనా వస్తే వాళ్ళ మీదికే వస్తుంది. అని నా వైపు చూశాడు. నేను నోరు తెరిచాను. మాట పెగల్లేదు. ఎంతసేపో కాదు, ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణం అత్తకు చాలింది.

"మైనేచ్ బద్లా సాబ్" అంది. "మేరేకూ శరమ్ ఆతీ థీ."

నేనే మార్చుకున్నా, నాకే సిగ్గుగా ఉండేది అని.

ఆయన తల ఊపి టైపు చేసే అమ్మాయికి చెప్పాడు. ఆమె వేళ్ళు టకటకా కదిలాయి. ఇప్పుడైనా చెప్పొచ్చు, ఆపండి, అది నిజం కాదు అనొచ్చు. అత్త నా వైపు చూడనే లేదు, నా మోకాలి మీద మాత్రం గట్టిగా చెయ్యి పెట్టింది. కాగితం బయటికొచ్చింది. వకీలు హిందీలో చదివి వినిపించాడు. నా పుట్టుపేరు పెంటమ్మ. ఆ పేరు హీనంగా ఉన్నందువల్ల, నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడి, నా ఇష్టంతో నేనే మార్చుకున్నాను. ఇది సరిపోతుంది, గదికి ఢోకా లేదు అన్నాడాయన. సరిపోయింది కూడా. తర్వాతి జాబితాలో అత్త పేరు వచ్చింది, రెండు పేర్లూ వచ్చాయి.

ఆ రోజు బల్ల దగ్గర అత్త బొటనవేలికి సిరా రాసుకుని, గట్టిగా నొక్కి, "పడ్డదా?" అని ఆయన్ని అడిగింది. తర్వాత వకీలు ఆ కాగితాన్ని నా వైపు తిప్పి, చదువుకున్న బంధువులు ఉన్నారు కదా, ఇంకెవరో ఎందుకు అంటూ కలం ఇచ్చాడు. పైన రాసినదంతా నాకు తెలిసినంతలో నిజం అని అచ్చువేసి ఉన్న చోట, సాక్షిగా, నేను సంతకం చేశాను.